క్లిక్ ఆగిపోయే ఆ ఒక్క ఫీచర్: మెట్రోనోమ్ యాప్ రెండున్నరేళ్ళు వాడాక

మెట్రోనోమ్ అంటే ఏంటో, టెంపో ఎలా పెట్టాలో, ట్యాప్ బటన్ ఎక్కడుంటుందో ఇవన్నీ నేను రాయను, బేస్ గిటార్ చేతిలోకొచ్చిన వారానికే అందరికీ తెలిసిపోతాయి. నేను చెప్పాలనుకుంటోంది ఒక్క ఫీచర్ గురించి. కొన్ని బార్లు (ఒక బార్ అంటే మామూలుగా నాలుగు బీట్లు) క్లిక్, అంటే మెట్రోనోమ్ ప్రతి బీట్‌కీ కొట్టే టిక్, వినిపిస్తుంది, తర్వాత కొన్ని బార్లు పూర్తిగా ఆగిపోతుంది, లోపల లెక్క మాత్రం నడుస్తూనే ఉండి మళ్ళీ సరిగ్గా టైంకి వచ్చి పడుతుంది. నా యాప్‌లో దీన్ని మ్యూట్ బార్స్ అంటారు, కొన్నిట్లో గ్యాప్ క్లిక్ అని ఉంటుంది. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇప్పుడు ఈ ఆప్షన్ చాలా యాపుల్లో ఉంది, మీ దాన్లో సెట్టింగ్స్ వెతికితే దొరకొచ్చు. నాది పెయిడ్ వెర్షన్, రెండున్నరేళ్ళ నుంచీ దాదాపు రోజూ వాడుతున్నా, ఫోన్ మారినా ఇదే మళ్ళీ వేసుకున్నా.

నా సంగతి ముందే చెప్తే మిగతాది అర్థమవుతుంది. మాది గుంటూరు దగ్గర ఊరు, ఆదివారం చర్చిలో బేస్ వాయిస్తా, డిసెంబర్‌లో చుట్టుపక్కల క్రిస్మస్ ప్రోగ్రాములకి వెళ్తాం. టీమ్‌లో కీబోర్డ్, తబలా, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్లు), నేను. డ్రమ్ సెట్ లేదు. అందుకే బేస్ వీడియోల్లో అందరూ చెప్పే "కిక్ డ్రమ్ పట్టుకుని వాయించు" (డ్రమ్ సెట్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌తో కలిసి వాయించమని) అన్న సలహా నాకు ఎప్పుడూ పనికిరాలేదు. కీబోర్డ్ అన్న స్టైల్ లూప్ (కీబోర్డులోనే తిరుగుతూ మోగే రిథమ్) వేస్తాడు, మేమందరం దాన్ని పట్టుకుని వెళ్తాం, అంతే.

మొదటి ఏడాది నేను క్లిక్ ఆపకుండా పెట్టుకుని ప్రాక్టీస్ చేశా. ఇంట్లో బ్రహ్మాండంగా ఉండేది, నోట్ సరిగ్గా క్లిక్ మీద పడితే క్లిక్ వినపడదు కదా, నోట్ కింద దాక్కుంటుంది, అలా దాక్కునేదాకా సాధన చేసి ఇక టైమింగ్ వచ్చేసింది అనుకున్నా. చర్చిలోకెళ్తే కీబోర్డ్ అన్న ప్రతి వారం ఒకటే మాట, "చరణం చివరికొచ్చేసరికి పరిగెడుతున్నావ్ తమ్ముడూ" అని. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇంట్లో ఇంత కచ్చితంగా వస్తోంది కదా, ఆయన లూప్‌లోనే ఏదో తేడా ఉందనుకునేవాణ్ణి.

మ్యూట్ బార్స్ పెట్టిన మొదటి రోజు ఆ వాదన అయిపోయింది. 90 టెంపో, అంటే నిమిషానికి 90 బీట్లు, నాలుగు బార్లు క్లిక్, నాలుగు బార్లు నిశ్శబ్దం. అందరికీ వచ్చే మామూలు రూట్ నోట్ల (ఒక్కో కార్డ్‌కి, అంటే కలిపి మోగే స్వరాల గుంపుకి, మూల స్వరం) లైనే వాయించా, నిశ్శబ్దంలో హాయిగా వెళ్ళిపోయా, నాలుగు బార్లు అయ్యాక నేను ఒకటి (బార్‌లో మొదటి బీట్) మీద పడ్డా, క్లిక్ రాలేదు. ఆ తర్వాత వచ్చింది. వినగానే కడుపులో ఏదోలా అయింది నాకు. పది సార్లు చేస్తే పదిసార్లూ నేనే ముందు.

తర్వాత కూర్చుని లెక్కేసుకున్నా. 90 టెంపోలో బీట్‌కీ బీట్‌కీ మధ్య సుమారు 667 మిల్లీసెకండ్లు, తెలీకుండా 92కి జరిగితే అది 652 అవుతుంది, తేడా 15 లోపే, ఏ ఒక్క బీట్‌లోనూ అది చెవికి దొరకదు. కానీ నాలుగు బార్లంటే 16 బీట్లు, అది 16 సార్లు పోగయితే 230 దాటిపోతుంది, ఆ టెంపోలో ఒక సిక్స్‌టీన్త్ నోట్ (బీట్‌లో నాలుగో వంతు) 167 మాత్రమే, అంటే సిక్స్‌టీన్త్ కన్నా ఎక్కువే ముందుకొచ్చేశా అన్నమాట. క్లిక్ ఎప్పుడూ మోగుతుంటే ఇది బయటపడే ఛాన్సే లేదు, ఎందుకంటే ప్రతి బీట్‌కీ మనకి తెలీకుండానే కొంచెం కొంచెం సర్దుకుంటాం, ఆ సర్దుకోవడాన్నే మనం టైమింగ్ అనుకుంటాం. ఏడాది పాటు నేను ప్రాక్టీస్ చేసింది సర్దుకోవడం.

ఇంకో ఉపయోగం కూడా కనపడింది, ఎక్కడ పరిగెడుతున్నానో తెలిసింది. లైన్ మొత్తం కాదు, రెండే చోట్లు. ఒకటి పల్లవికి ముందు వేసే చిన్న ఫిల్ (మలుపు దగ్గర వేసే అదనపు నోట్లు), ఇంకోటి లావు తీగ మీంచి సన్న తీగకి చెయ్యి మారే చోటు. ఫిల్ తీసేసి రూట్ నోట్లతో నిశ్శబ్దం దాటితే క్లిక్ దగ్గరగా పడేది, ఫిల్ పెట్టగానే పోయేది. కొత్త పాట నేర్చుకునేటప్పుడు ఇప్పుడు ఇదే పద్ధతి, ముందు ఫిల్స్ ఏమీ లేకుండా నిశ్శబ్ద బార్లు దాటిస్తా, తర్వాత ఒక్కో ఫిల్ చేర్చి ఏది పాడు చేస్తోందో చూస్తా.

నిశ్శబ్దంలో ఏం చెయ్యాలో మాత్రం యాప్ చెప్పదు, అది మా తబలా బాబాయి చెప్పాడు. నేను కాలితో ఒకటి రెండు మూడు నాలుగు అని కొట్టుకుంటున్నానని చూసి, "ఏరా, ఒకటికీ రెండుకీ మధ్య ఏముంది నీ నోట్లో" అన్నాడు. ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీలోనే జారిపోతున్నానంట. నాలుగు బీట్ల పాటకి ప్రతి బీట్‌లో తకధిమి అనుకోమన్నాడు, 6/8 పాటకి (మూడేసి చొప్పున ఆరు లెక్కలు) తకిట తకిట. ఆయన దాన్ని దాద్రా అంటాడు, ధా ధిన్ నా ధా తిన్ నా అని నోటితో చెప్పి చూపించాడు. మన చర్చి పాటల్లో, సినిమా పాటల్లో ఈ 6/8 ఎంత ఎక్కువో మీకు తెలుసు, బయట వాళ్ళ పాఠాలన్నీ 4/4 చుట్టూనే తిరుగుతాయి కాబట్టి మనకి ఇది విడిగా కావాలి. పెదాలు కదలకుండా లోపల తకధిమి అనుకుంటూ నాలుగు బార్లు దాటితే మూడో వారానికల్లా క్లిక్, నోట్ కలిసి పడటం మొదలైంది. పెద్ద దూరాన్ని ఒక్క అంగలో కొలవబోతే తప్పుతుంది, చిన్న చిన్నగా కొలిస్తే తక్కువ తప్పుతుంది, అంతే ఇందులో ఉన్న కిటుకు. (6/8కి ఒక చిన్న హెచ్చరిక, మా కీబోర్డులో 70 అని చూపిస్తే నా యాప్‌లో 210 పెట్టాలి, అది మూడు కలిపి ఒకటిగా లెక్కపెడుతుంది, ఇది విడివిడిగా.)

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఏడాది డిసెంబర్, పక్క ఊళ్ళో సెమీ క్రిస్మస్, షామియానా కింద ప్రోగ్రాం, ప్యాడ్స్ అబ్బాయి ఆ రోజు రాలేదు. 84 టెంపోలో పాట, పల్లవి అయిపోయి మొదటి చరణంలో ఉన్నాం. స్టేజి వెనక ఎవరో వైరు మీంచి నడిచారు, కీబోర్డ్ అడాప్టర్ పిన్ ఊడొచ్చేసింది. లూప్ పోయింది, కార్డ్స్ పోయాయి, ఒక్కసారిగా ఆ నిండు సౌండంతా మాయమైపోయి తబలా, నా బేస్, పాడే అక్క గొంతు, జనం చప్పట్లు మిగిలాయి. అక్క వెనక్కి తిరిగి చూసింది. అన్న వంగి పిన్ వెతుక్కుంటున్నాడు. నాకు ఆ క్షణంలో భయం వెయ్యలేదు, నిజంగా చెప్తున్నా, నాకు తెలిసిన చోటుకొచ్చినట్టు అనిపించింది. మ్యూట్ బార్ మొదలైంది, ఇంతే కదా అనుకున్నా. లోపల తకధిమి మొదలెట్టేశా, ఫిల్స్ అన్నీ వదిలేశా, కార్డ్ కూడా ఇప్పుడు నా మీదే ఉంది కాబట్టి రూట్, దాని ఐదో స్వరం తప్ప ఇంకేం ముట్టుకోలేదు. అన్న పిన్ పెట్టి, కీబోర్డ్ మళ్ళీ ఆన్ అయ్యి, స్టైల్ వెతికి పెట్టుకునేసరికి చరణం అయిపోయి మళ్ళీ పల్లవిలోకొచ్చేశాం. ఆన్ అయిన కీబోర్డ్‌లో పాత టెంపో ఉండదు కదా, మమ్మల్ని వింటూ బీట్‌కి తగ్గట్టు ట్యాప్ బటన్ కొట్టాడు, 86 చూపించింది. అదే పెట్టి ఒకటి మీద లూప్ వదిలాడు, ఎక్కడా కుదుపు లేకుండా కలిసిపోయింది. కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఏదో జరిగిందని కూడా తెలియలేదు. పాటయ్యాక అన్న ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యేసి రెండు సార్లు తట్టాడు. ఏడాదంతా పరిగెడుతున్నావ్ పరిగెడుతున్నావ్ అన్న మనిషి. ఆ రాత్రి ఇంటికొచ్చి బేస్ కవర్‌లోంచి తియ్యకుండానే చాలాసేపు పక్కన పెట్టుకుని కూర్చున్నా.

84 కాస్తా 86 అయింది, అది కూడా చెప్పాలి. చప్పట్లు కొట్టే జనం ఎప్పుడూ కొంచెం తోస్తారు. ఇంకోటి, ఆ టైంలో నా పక్కన 30 ఏళ్ళుగా తబలా వాయిస్తున్న బాబాయి ఉన్నాడు. ఆయన లేకుండా నేనొక్కణ్ణే ఉంటే ఆ ట్యాప్ ఎంత చూపించేదో నాకు తెలీదు.

కోపం తెప్పించిన విషయం ఒకటుంది. ఇదే యాప్‌లో మైకుతో మన నోట్ విని ముందా వెనకా అని ముల్లు చూపించే ఫీచర్ ఉంది. నేను బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాడా. బ్లూటూత్‌లో సౌండ్ లేటుగా వస్తుందని అందరికీ తెలుసు, ఆ లేటుని సరిచేసే సెట్టింగ్ ఒకటిచ్చారు, కానీ ఎంత పెట్టాలో కొలిచి చెప్పే దారి ఇవ్వలేదు, నేను అందాజాగా పెట్టా. ముల్లు ప్రతిసారీ నేను కొంచెం లేటు అని చూపించేది. నమ్మాను. రెండు వారాలు రోజూ ముల్లు మధ్యలోకొచ్చేదాకా ముందుకి తోసి తోసి వాయించా. శనివారం రిహార్సల్‌లో బాబాయి చెయ్యి ఆపేసి "నా సమ్ కన్నా ముందే వచ్చేస్తున్నావు, ఏమైంది నీకు" అన్నాడు (సమ్ అంటే తాళంలో మొదటి దెబ్బ). వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టి చూస్తే ముల్లు ఏ గొడవా లేకుండా మధ్యలో నిలబడింది, అంటే నేను మొదట్నుంచీ బానే ఉన్నా, ఆ సెట్టింగే 50, 60 మిల్లీసెకండ్లు తప్పు. రెండు వారాల్లో అంటుకున్న అలవాటు వదలడానికి నెల పట్టింది. మామూలుగా క్లిక్ వినడానికి బ్లూటూత్ అయినా పెద్ద నష్టం లేదు, అన్ని క్లిక్కులూ ఒకే లేటుతో వస్తాయి కాబట్టి మధ్య దూరం మారదు. కొలతకి మాత్రం వాడొద్దు. ఇంకోటేంటంటే బేస్‌లో లావు తీగ ఓపెన్‌గా 41 హెర్ట్జ్, ఒక్క ఊపు పూర్తవ్వడానికే 24 మిల్లీసెకండ్లు పడుతుంది, ఫోన్ మైకుకి అంత కింది సౌండ్ సరిగ్గా అందదు, నా ఫోన్‌లోనైతే ఆ తీగ మీద ముల్లు ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. ఆ ఫీచర్ ఇప్పుడు ముట్టుకోవట్లేదు.

మ్యూట్ బార్స్‌తో నా టైమింగ్ కుదిరిందని పైన రాశాను, అందులో సగమే నిజం అని ఈ మధ్యే తెలిసింది. ఒక ఆదివారం ఫోన్ వెనక బెంచీలో పెట్టి ఆరాధన మొత్తం రికార్డ్ చేశా. వింటే ప్రతి నోటూ పడాల్సిన చోటే పడుతోంది, అయినా బీట్ బరువుగా, బురదలో నడుస్తున్నట్టు ఉంది. పదిసార్లు విన్నాక దొరికింది, నోట్ ఎక్కడ మొదలవుతోందో చూసుకున్నా కానీ ఎక్కడ ఆగుతోందో చూసుకోలేదు. తబలాలో ఎడమ చేతి బాయా గుమ్మని మోగాల్సిన చోట నా నోట్ ఇంకా మోగుతూనే ఉంది, రెండూ కింది సౌండ్లే కాబట్టి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. బాబాయికి వినిపిస్తే "నా బాయాకి చోటియ్యరా" అన్నాడు. ఎడమ చేతి వేలు పూర్తిగా లేపకుండా తీగకి ఆనేంత మాత్రం వదిలి నోట్ ఆపడం, ఇప్పుడు అదే సాధన. దీని గురించి ఏ క్లిక్కూ ఏమీ చెప్పదు, అది మొదలునే గుర్తుచేస్తుంది. బేస్ వాయించేవాడికి చివర కూడా అంతే అవసరం. రికార్డ్ చేసుకుని వినకపోతే నాకు ఇంకో రెండేళ్ళకి కూడా తెలిసేది కాదు.

పాత పాటలతో కూడా ఇది పెద్దగా పనిచెయ్యదు. బేస్ ఇష్టపడే తెలుగువాళ్ళందరిలాగే నాకూ 80ల్లో ఇళయరాజా పాటల్లో ఉన్న బేస్ లైన్లంటే ప్రాణం, అవి నేర్చుకుందామని పక్కన క్లిక్ పెట్టా. నేను ప్రయత్నించిన వాటిల్లో పల్లవిలో కుదిరిన క్లిక్ రెండో చరణానికి పక్కకి పోతుంది, అప్పట్లో చాలామటుకు అందరూ కలిసి కూర్చుని వాయించినవి కాబట్టి పాట ఊపిరి తీసుకున్నట్టు కొంచెం అటూ ఇటూ కదులుతుంది. వాటికి క్లిక్ తీసేసి పాటనే 0.75 స్పీడులో పెట్టుకుని, ముందు బేస్ లైన్ నోటితో పాడి, తర్వాత వాయిస్తున్నా.

తీసుకోవాలా అంటే, నా పరిస్థితిలో అయితే అవును, డబ్బు కూడా ఎక్కువేం కాదు. మాకు వారానికి ఒక్క రిహార్సల్, మిగతా ఆరు రోజులు నేనొక్కణ్ణే గదిలో, నా పరుగు పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. మీకు డ్రమ్మర్ ఉండి వారానికి మూడు నాలుగు సార్లు కలిసి వాయిస్తుంటే దీని అవసరం ఎంతుంటుందో నేను చెప్పలేను. బేస్ పట్టుకుని ఆరు నెలలు కూడా కానివాళ్ళు ఇప్పుడే నిశ్శబ్దం జోలికి వెళ్ళకండి, వేళ్ళు ఇంకా నోట్లు వెతుక్కుంటున్నప్పుడు టెంపో కూడా మోయాలంటే విసుగొచ్చి వదిలేస్తారు, రెండు బార్లు క్లిక్ ఒక్క బార్ మ్యూట్‌తో మొదలెట్టడానికి కూడా కొంచెం చెయ్యి తిరగాలి. పక్కన తాళం తెలిసిన మనిషి ఉంటే ముందు ఆయన దగ్గరికెళ్ళండి.

ఈ క్రిస్మస్‌కి కొత్త పాటలు 11 ఇచ్చారు, నాలుగు 6/8వి. రెండు బార్లు క్లిక్, ఆరు బార్లు మ్యూట్ దాకా వచ్చా, మూడు కుదిరాయి, నాలుగో దాంట్లో పల్లవి ముందు ఫిల్ దగ్గర ఇంకా ముందే పడుతున్నా.