తిరకాసు ప్రశ్నల పెట్టె: 14 నెలల వాడకం, జవాబుల మీద ఒక గొడవ

పెద్దవాళ్ల కోసమని తెలుగులో అచ్చేసిన తిరకాసు ప్రశ్నల కార్డులివి. 200 కార్డులు, 350 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. నా గొడవ వాళ్లతో కంటే వాళ్లు జవాబులు అచ్చేసిన తీరుతో. కార్డు మీద ప్రశ్న ఉంటుంది, అడుగున జవాబు తలకిందులుగా ఉంటుంది. చూడటానికి ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. నాకూ రెండు నెలల దాకా అట్లాగే అనిపించింది.

మా బాపుకు, అంటే నాన్నకు, రెండో కంటి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు తెప్పించాను. టీవీ తగ్గించమన్నారు, ఎండకు, దుమ్ముకు పోవద్దన్నారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ముప్పై ఏళ్లు దడవాయిగా కాంటా పెట్టిన మనిషి. దుమ్ముకు పోవద్దంటే ఇక ఎక్కడికి పోతాడు? కాశీబుగ్గలో ఇంట్లో కుర్చీకి అతుక్కుని, పొద్దుగూకేసరికి అందరి మీదా కస్సుమనేవాడు. పెట్టె వచ్చాక ఆ కస్సుబుస్సు సగానికి తగ్గింది. అక్షరాలు పెద్దవి, కళ్లజోడు లేకున్నా ఆనతాయి. మొదటి నెలంతా కనిపించినవాళ్లందరికీ ఇదే చెప్పాను. హుజూరాబాద్‌లో ఉన్న మా అక్కకు కూడా ఒక పెట్టె పంపాను.

బాపు చేయి కొంచెం వణుకుతుంది. అందుకని కార్డును చేత్తో పట్టుకోకుండా ముందున్న స్టూలు మీద పెట్టి చదివేవాడు. ఎదురుగా మంచం మీద అవ్వ (మా అమ్మ), ఒళ్లో చాట పెట్టుకుని పల్లికాయ ఒలిచేది. రోజుకు రెండు కార్డులు, నంబర్ల వరుసన.

కొన్ని సాయంత్రాలు మాత్రం నిజంగా బాగా గడిచాయి. 'కిలో పత్తి బరువా, కిలో ఇనుము బరువా' అన్న పాత ప్రశ్న వచ్చిన రోజు బాపు జవాబు చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేశాడు. "పత్తి ఎప్పుడు జోకినవ్? పొద్దుగాలనా, పగటీలినా?" తెల్లారి మంచులో కిలో తూగిన పత్తి మధ్యాహ్నం ఎండకు కిలో ఉండదట. తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర, ఆపైన శాతం శాతానికీ కోత, 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు కొననే కొనరు. ఈ లెక్కలన్నీ అరగంట చెప్పాడు. బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు, బ్యాటు బంతి కంటే 100 ఎక్కువ, బంతి ఎంత అంటే నేను పది అన్నాను. బాపు ఐదన్నాడు. "వంద పక్కకు తీసెయ్. మిగిలింది పది. రెండు తక్కెళ్లల్ల సమానంగ వెయ్" అన్నాడు. నేను డిగ్రీ చదివినవాణ్ని.

అయితే బాపును మించి జవాబులు చెప్పింది అవ్వ. కరెంటు రైలు ఉత్తరానికి పోతుంటే గాలి దక్షిణానికి వీస్తోంది, పొగ ఎటు పోతుంది? చేతిలో పల్లికాయ చిట్లిన చప్పుడుతో పాటే "పొగ రాదు" అంది. మా పక్కింటాయన కాజీపేట లోకోషెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, ఆ రోజు టీకి వచ్చి కూర్చున్నాడు. ఆయన ఇంకా గాలి సంగతే ఆలోచిస్తున్నాడు! సంవత్సరంలో ఒకసారి, వారంలో రెండుసార్లు వచ్చేది ఏది అన్నదానికి కూడా అవ్వే చెప్పింది, "ఈ అనే ఇంగ్లిష్ అక్షరం" అని. ఇంగ్లిష్‌లో రాసి చూస్తే తప్ప అర్థం కాని ప్రశ్నను అట్లాగే తెలుగులోకి దించేసినందుకు కంపెనీ మీద కోపం రావాలి. మాకు ఆశ్చర్యంలో అది తట్టనే లేదు. అవ్వ బడికి పోలేదు. నడి వయసులో రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది, ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. ఇంత తెలివి ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందని నేను ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. బాపుకు మాత్రం లోలోపల టెన్షన్. ఒకరోజు రాత్రి నన్ను పక్కకు పిలిచి, "మీ అవ్వ పొద్దుగాల నా పెట్టె తీసి సూస్తుందా?" అని అడిగాడు.

ఇక 141వ కార్డు. ఆ రోజు ఆదివారం, మా పాప కూడా అక్కడే ఉంది. బాపు గొంతు సవరించుకుని చదివాడు. "ఒక రైతుకు 17 గొర్రెలు ఉన్నాయి. తొమ్మిది తప్ప అన్నీ చనిపోయాయి. ఎన్ని మిగిలాయి?"

అవ్వ తలెత్తి స్టూలు దిక్కు చూసి, మళ్లీ చాటలోకి వంగి, "అన్ని నెలలల్ల" అంది.

"ఏందీ?"

"అన్ని నెలలల్ల అంటున్న గద."

బాపు కార్డు తిప్పాడు. నిజంగానే 'అన్ని నెలల్లోనూ' అని ఉంది. 142 తీసి చూస్తే, ఏ నెలలో 28 రోజులు ఉంటాయి అన్న ప్రశ్నకు 'తొమ్మిది' అని ఉంది. అచ్చులో రెండు జవాబులూ తారుమారయ్యాయి. మేమింకా దాని గురించే మాట్లాడుతుంటే, పాప పోయి మంచం మీద అవ్వ పక్కన కూర్చుని స్టూలు వైపు చూసి కిసుక్కున నవ్వింది. నేనూ పోయి చూశాను. బాపుకు తలకిందులుగా ఉన్న జవాబు ఎదురుగా కూర్చున్న అవ్వకు తిన్నగా, సాపుగా ఉంది. ఆమెకు దగ్గరి అక్షరాలే మసక, మూడడుగుల దూరంలోవి శుభ్రంగా కనిపిస్తాయి. నేను ఊరంతా పొగిడిన ఆ పెద్ద అక్షరాలే ఆమెకు అందించాయి. పైగా ప్రశ్నలు మూడేసి వరుసలు, జవాబు ఒకటి రెండు మాటలు. కూడబలుక్కునే మనిషికి ఏది తేలిక?

మేం నవ్వుతుంటే అవ్వకు అర్థం కాలేదు. "ఆయన దిక్కు రాసున్నది ఆయన సదివిండు. నా దిక్కు రాసున్నది నేను సదివిన. ఆట గట్లనే గదా?" అంది. రెండు నెలలూ తన వంతు తాను చదువుతున్నాననే అనుకుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఆ తర్వాతిది. 200 కార్డుల అడుగునా కాగితం టేపు అంటించాను. అవ్వ నాలుగు రోజులు కూర్చుని, ఐదో రోజు చాట తీసుకుని వంటింట్లోకి పోయింది. పిలిస్తే "మీరాడుకోండి" అంది. బాపు ఒక్కడే చదివి ఒక్కడే చెప్పుకుని, వారానికల్లా పెట్టె మూసేశాడు. టేపు పీకితే కొన్ని కార్డుల మీది అచ్చు కూడా ఊడొచ్చింది. కార్డుల మీద లామినేషన్ ఉందని పెట్టె మీద రాశారు, అది ఎంత పలుచనో అప్పుడు తెలిసింది.

దారి బాపే కనిపెట్టాడు. ఇప్పుడు ముందు అవ్వ తన దిక్కున్నది చదువుతుంది, ప్రశ్న ఏమిటో బాపు గుర్తు చేసుకుని చెప్పాలి. కార్డు పైభాగం మీద అరచేయి పెట్టి మూసేది కూడా అవ్వే. మూడో విడత నడుస్తోంది. మధ్యలో విసుగొస్తే ఆమె సొంతవి వేస్తుంది. "చిటపట చినుకులు చిటారు చినుకులు, ఎంత కురిసినా వరద రాదు, ఏంది?" బాపు కార్డు వెతికినట్టు స్టూలు దిక్కు చూస్తే, "దీని జవాబు రాసి లేదు" అంటుంది. కన్నీళ్లని మా పాప చెప్పాల్సి వచ్చింది.

మూత మీద 'మతిమరుపును దూరం చేస్తుంది' అని ఉంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఇట్లాంటి మాటలే చెప్పి బుర్ర ఆటల యాప్ అమ్మిన ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో 20 లక్షల డాలర్లు కట్టించింది. మా బాపు బీపీ గోలీ వేసుకున్నాడో లేదో ఇప్పటికీ రోజూ అవ్వనే అడుగుతాడు.

కొనొచ్చా అంటే, మా ఇంట్లో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరు ఉన్నారు కాబట్టి మాకు పైసలు దండగ కాలేదు. ఒక్కరే ఉండే ఇంట్లో వంద రోజులకు కార్డులు అయిపోతాయి, తర్వాత ఏమవుతుందో నేను చెప్పలేను. కొన్నవాళ్లు ముందు 141, 142 తీసి చూసుకోండి. అక్కకు ఫోన్ చేసి ఎంతదాకా వచ్చారని అడిగాను. ఇంకా 60 దగ్గరే ఉన్నారట. వాళ్ల అత్త అన్నిటికీ టకటకా చెప్పేస్తోందట, ఇంత తెలివి ఉందని ఇన్నేళ్లూ తెలియలేదంది. 141 సంగతి నేను చెప్పలేదు.