కృష్ణారావు బాటా, సుందర్‌జీ బాటా: సైన్యాధిపతికి ఏది మేలు?

జనరల్ కె.వి.కృష్ణారావుది మన గోదావరి ప్రాంతంలోని లుక్కవరం. జనరల్ కె.సుందర్‌జీది తమిళనాడులోని చెంగల్పట్టు. ఇద్దరూ మహర్ రెజిమెంట్ నుంచే ఎదిగారు. 1981లో కృష్ణారావు, 1986లో సుందర్‌జీ సైన్యాధిపతులయ్యారు. పనితీరులో మాత్రం ఇద్దరికీ పొంతనే లేదు. ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) ప్రవేశానికి చదువుకునే పిల్లలు ఎక్కువగా సుందర్‌జీ పేరే చెబుతారు. ఆయన కథలో వేగం ఉంది, ట్యాంకులున్నాయి. నా ఓటు మాత్రం కృష్ణారావుకే.

సుందర్‌జీ గొప్పతనాన్ని తక్కువ చేయలేం. పదాతి దళాన్ని ట్యాంకుల వెంట పరుగెత్తించే కవచ వాహనాలెక్కించాలన్న పట్టుదల ఆయనది. 1979లో ఏర్పడిన మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌కు పితామహుడిగా ఆయన్నే చెప్పుకుంటారు. 1986లో అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ దగ్గర సుందొరాంగ్ చూ లోయలో చైనా సైనికులు తిష్ఠ వేస్తే, హెలికాప్టర్లలో జెమితాంగ్‌కు బలగాలను దించి ఎదురు నిలిచారు. 1962 చైనా యుద్ధంలో చేదు తిన్న సైన్యానికి అది కొండంత ధైర్యం.

ఆ దూకుడుకు మరో ముఖమూ ఉంది. ఆయన హయాంలోనే రాజస్థాన్‌లో జరిగిన బ్రాస్‌టాక్స్ విన్యాసాలు 1987 మొదట్లో పాకిస్థాన్‌తో యుద్ధం అంచుదాకా వెళ్లాయి. అదే ఏడాది శ్రీలంకకు మన దళాలు వెళ్లాయి. అక్టోబరులో ఒక రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. తమిళ పులుల (ఎల్‌టీటీఈ) కాల్పులు ముమ్మరమవడంతో వెనుక రావలసిన సాయం రాలేదు. చివరికి ప్రాణాలతో మిగిలింది ఒక్కరే. శ్రీలంకకు వెళ్లాలన్నది రాజకీయ నిర్ణయమే. కానీ శత్రువు బలాన్ని తక్కువ అంచనా వేసిన తప్పులో సైనిక నాయకత్వానికీ వాటా ఉంది.

కృష్ణారావు దారి వేరు. 1942లో కమిషన్ పొంది రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా చూశారు. ఎన్‌డీఏ తొలినాళ్లలో అక్కడ పాఠాలు చెప్పారు. 1971లో ఆయన నడిపిన 8వ పర్వత డివిజన్ బంగ్లాదేశ్ యుద్ధంలో సిల్హెట్ పోరులో గెలిచింది. అంతకన్నా పెద్ద పని 1975లో జరిగింది. రాబోయే దశాబ్దాలకు సైన్యం ఎలా ఉండాలో తేల్చే నిపుణుల కమిటీకి ఆయన అధ్యక్షులు. సుందర్‌జీ అందులో సభ్యుడు! పై కుర్చీలో ఆచితూచి అడుగేసే పెద్ద, పక్కన కొత్త ఊహలతో ఉరకలేసే అధికారి. సైన్యానికి ఇద్దరూ కావాలి. అయితే ఆఖరి మాట ఎవరిదన్నదే అసలు ప్రశ్న, అది కృష్ణారావు లాంటి వాళ్లదే కావాలంటాను.

పదవీ విరమణ తర్వాతా ఆయన్ను ఓర్పే నడిపించింది. నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు, ఆపైన జమ్మూ కాశ్మీర్‌కు గవర్నర్‌గా పనిచేశారు. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగానే బాంబులు పేలాయి. కొందరు చనిపోయారు, ఆయన బయటపడ్డారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. అయినా పదవి వదిలి ఢిల్లీ వెళ్లిపోలేదు. మరుసటి ఏడాది, 1987 తర్వాత మళ్లీ తొలిసారి, ఆ రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి.