కోఠిలో పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణం

మా బాపు (నాన్న) బీరువాలో 90 నిమిషాల క్యాసెట్ ఒకటి ఉంది. నాలుగైదేళ్ల అజ్ఞాతం తర్వాత 1990 ఫిబ్రవరిలో గద్దర్ బయటికొచ్చి నిజాం కాలేజీ గ్రౌండ్‌లో పాడినప్పుడు, జనం మధ్య నిలబడి బాపు టేప్‌రికార్డర్‌లో పట్టుకున్న సభ అది. రీలును ఒత్తిపట్టే స్పాంజి ముక్క ఎప్పుడో ఊడిపోయింది.

ముందు వేరే ఒకచోటికి కొరియర్ చేశాను. వాళ్లు పంపిన ఫైలులో సుయ్‌మనే చప్పుడు పోయింది, దాంతోపాటే గజ్జెల మోతా పోయింది. డప్పు గోడ అవతల మోగుతున్నట్టుంది. బాపు రెండు నిమిషాలు విని, "ఈయన గద్దర్ కాదు బిడ్డా" అని ఫోన్ నా చేతికిచ్చేశాడు.

తర్వాత గుజరాతీ గల్లీ దగ్గర ఈ దుకాణం దొరికింది. పెద్దాయన నా ముందే క్యాసెట్ విప్పి, వేరే క్యాసెట్‌లోంచి స్పాంజి తీసి అతికించారు. ప్లేయర్‌లో రీలును చదివే హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే మూసుకుపోయిన గొంతు విచ్చుకుంది. నాకు ఒళ్లు జలదరించింది. నాయిస్ తీయనా అని అడిగారు. వద్దన్నాను.

నేను గద్దర్‌ని చూసింది తెలంగాణ ఉద్యమ సభల్లో. అప్పటికే ఆయన 1997 ఏప్రిల్‌లో దిగిన తూటాల్లో ఒకదాన్ని వెన్నులో మోస్తున్నాడు. ఈ టేపులో ఉన్నది అంతకు ముందటి మనిషి, కెనరా బ్యాంకు కొలువు వదిలేసి జననాట్యమండలితో ఊరూరా తిరిగిన తూప్రాన్ విఠల్. పాట మధ్యలో ఆపి మాట్లాడతాడు, ఆ మాటే సాగి సాగి మళ్లీ రాగమవుతుంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఎంత విన్నా పట్టుకోలేకపోయాను. రెండో వైపు ఒకచోట మైకుకు బాగా దగ్గరగా ఎవరో కోరస్ అందుకుంటారు, శ్రుతి తప్పి. అది బాపు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు.

రెండు వైపులకూ కలిపి 500 తీసుకున్నారు, స్పాంజికి విడిగా అడగలేదు. వేవ్, ఎంపీత్రీ రెండూ ఇచ్చారు. చివర్లో రీలు నలిగిన చోట పాట తడబడుతుంది, అయినా కత్తిరించకుండా వదిలేశారు. అందుకు నాకు చాలా సంతోషం. టైమ్ విషయంలో మాత్రం నమ్మొద్దు. మూడు రోజులని తొమ్మిది రోజులు చేశారు, ఫోన్ ఎత్తరు, స్వయంగా వెళ్లాల్సిందే. సభల రికార్డింగులు ఇచ్చేవాళ్లు నాయిస్ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.