కావలిలో పిల్లల వార్డు: విరేచనాల కేసుకి నమ్మి వెళ్లొచ్చు

వాంతులు, నీళ్ల విరేచనాలతో మనవడి కళ్లు గుంటలు పడితే కావలిలో ఓ పిల్లల ఆస్పత్రిలో చేర్చాం. సిస్టరమ్మ సెలైన్ పెట్టగానే టీకా కార్డు అడిగి, రోటా చుక్కలు (పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి నోట్లో వేసే టీకా) 6, 10, 14 వారాలకు పడ్డాయా అని చూసి రాసుకుంది. ఆ రాసుకోవడం నాకెంతో నచ్చింది. 2005లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మొదలుపెట్టిన నిఘాలో, ఇలా ఆస్పత్రుల్లో చేరిన ఐదేళ్లలోపు పిల్లల మలం పరీక్షిస్తేనే గదా ఈ వైరస్ ఎంతమందిని పడేస్తోందో తేలింది! 2016 నుంచి మన రాష్ట్రంలో చుక్కలు ఉచితం. వేయించినా జబ్బు రావచ్చు, ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది.

యాంటీబయాటిక్ రాయలేదు. ఓఆర్‌ఎస్ స్పూనుతో కొంచెం కొంచెంగా పట్టడం మా కోడలికి దగ్గరుండి నేర్పారు, జింకు 14 రోజులన్నారు. బాత్రూంలో మాత్రం సబ్బు లేదు. ఎక్కువగా చేతుల నుంచే పాకే జబ్బుకి అది ముందు పెట్టాలయ్యా.