సింగిల్ ఫేజ్ కరెంటు మీద లేతు: కొన్నేళ్లు వాడాక వీఎఫ్‌డీ గురించి

మిషను ఆరడుగుల లేతు, మోటారు 2 హెచ్‌పీ త్రీ ఫేజ్. ఉన్నది మాత్రం సింగిల్ ఫేజ్ కనెక్షన్. మధ్యలో 230 ఓల్టుల ఇన్‌పుట్ తీసుకునే 2.2 కిలోవాట్ల వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చి, ఫ్రీక్వెన్సీతో మోటారు వేగాన్ని పెంచి తగ్గించే డ్రైవు). పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. వైరింగులో బద్ధకిస్తే మాత్రం ప్రమాదకరమైన వస్తువు.

డ్రైవు కొనకముందే మోటారు టెర్మినల్ బాక్సు విప్పి చూడండి. మన దగ్గర 2 హెచ్‌పీ వరకు మోటార్లు సాధారణంగా 415 ఓల్టులకు స్టార్‌లో (మూడు వైండింగుల ఒక్కో కొస ఒకే చోట ముడివేసి) ఉంటాయి. డెల్టాకు (మూడూ త్రికోణంలా కలిపి) మారిస్తే అదే మోటారు 240 ఓల్టులకు సరిపోతుంది. స్టార్ పట్టీలు తీసేసి యూ1-డబ్ల్యూ2, వీ1-యూ2, డబ్ల్యూ1-వీ2 జతలుగా కలపాలి. మార్చకుండా నడిపితే ఉత్తప్పుడు బాగానే తిరుగుతుంది, కోత పెట్టగానే నీరసపడి ఆగిపోతుంది: టార్క్ మూడో వంతుకు పడిపోతుంది మరి. బాక్సులోకి మూడే తీగలు వస్తే స్టార్ ముడి వైండింగు లోపల ఉన్నట్టు. మిగతా మూడు కొసలు వైండింగ్ మిస్త్రీ చేత బయటకు తీయించాలి. 3 హెచ్‌పీ, ఆపైవి చాలావరకు 415కే డెల్టా, కాబట్టి ఈ పద్ధతి వాటికి కుదరదు.

పూర్తి లోడులో లైను వైపు దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేశాం. మోటారుకు షీల్డు ఉన్న నాలుగు కోర్ల కేబుల్, షీల్డు రెండు వైపులా ఎర్త్‌కు. మామూలు కేబుల్ వేసినప్పుడు స్పిండిల్ (లేతులో తిరిగే ఇరుసు) తిరుగుతుంటే డీఆర్‌ఓ (టూల్ ఎంత కదిలిందో చూపే డిజిటల్ మీటరు) అంకెలు గంతులేసేవి. కూలెంట్ పంపును డ్రైవు అవుట్‌పుట్‌కు తగిలించకండి, దానికి విడిగా లైను ఇవ్వండి.

అసలు జాగ్రత్త స్టార్ట్ దగ్గర. లేతుతో వచ్చే రివర్స్-ఫార్వర్డ్ స్విచ్‌ను డ్రైవుకూ మోటారుకూ మధ్య ఉంచకూడదు. తిరుగుతుండగా తిప్పితే డ్రైవులోని ట్రాన్సిస్టర్లు పోతాయి. దాన్ని కంట్రోల్ టెర్మినళ్లకు మార్చి దిశకు మాత్రమే వాడాలి. దాంతోనే స్టార్ట్ కూడా ఇస్తే ఇంకో గండం: స్విచ్ ఆన్‌లో ఉండగా కరెంటు పోయి వచ్చిందంటే, చక్ (కోసే ముక్కను పట్టుకునే భాగం) దగ్గర చెయ్యి ఉన్నా సరే, స్పిండిల్ తిరగడం మొదలెడుతుంది. అందుకే మూడు వైర్ల కంట్రోల్: నొక్కి వదిలే పచ్చ బటన్ ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది), ఎర్రది ఎన్‌సీ (నొక్కితే విడిపోయేది). కరెంటు రాగానే స్టార్ట్ కాకుండా ఆపే పారామీటరు కూడా చాలా డ్రైవుల్లో ఉంటుంది, ఆన్ చేసి ఉంచండి. పుట్టగొడుగు ఆకారపు ఎమర్జెన్సీ బటన్ టూల్‌పోస్టు దగ్గర చేతికందేలా ఉండాలి.

మొదటిసారి నడిపేటప్పుడు బెల్టు తీసేయండి. డ్రైవు తీగలు విప్పాకే మోటారుకు 500 ఓల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి, లేకపోతే డ్రైవే కాలిపోతుంది. రీడింగ్ ఒక మెగోమ్ కన్నా తక్కువైతే వైండింగు ఆరబెట్టాల్సిందే. డ్రైవులో డెల్టా ఆంపియర్లు (స్టార్‌లో 3.4 అయితే 5.9) ఎక్కించి, 10 హెర్ట్జ్‌లో తిప్పి దిశ చూడండి. తిరగబడితే అవుట్‌పుట్‌లో ఏవైనా రెండు తీగలు మార్చాలి. ఇన్‌పుట్ వైపు మార్చితే ఏమీ మారదు. చక్ కీ చక్‌లో లేదని చూసుకున్నాకే బెల్టు ఎక్కించాలి.

చక్‌ను మర మీద తిప్పి ఎక్కించే పాతకాలపు స్పిండిల్ అయితే ఆగే సమయం 5 సెకన్లకు తగ్గించొద్దు. గట్టిగా బ్రేక్ పడితే చక్ విప్పుకొని బయటకు వస్తుంది. మరీ తక్కువ పెడితే ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ కూడా తప్పదు.

మెచ్చుకోవాల్సింది, ఫేసింగులో (ముక్క ముఖం చదును చేసే కోతలో) టూల్ మధ్యకు వచ్చేకొద్దీ నాబ్ తిప్పి వేగం పెంచుకోవడం. వాడదగిన పరిధి 20 నుంచి 65 హెర్ట్జ్. అంతకన్నా కిందకు దించితే మోటారు ఫ్యాను గాలి చాలదు, వేడెక్కుతుంది. పెద్ద వ్యాసం జాబ్‌కు బ్యాక్ గేరు (వేగం తగ్గించి బలం పెంచే గేర్లు) వెయ్యాల్సిందే, డ్రైవు దాని పని చెయ్యదు.

నచ్చనిది ఒకటే, డ్రైవులోని చిన్న ఫ్యాను. బీడు రజను పీల్చుకొని బోర్డు మీద పరుస్తుంది, అదేమో కరెంటు మోసే పొడి. తలుపుకు ఫిల్టరు ఉన్న విడి డబ్బాలో, చక్‌కు దూరంగా పెట్టాక ఆ గొడవ తగ్గింది. మూత తీయాలంటే మెయిన్ ఆపి పది నిమిషాలు ఆగండి, కెపాసిటర్లలో 300 ఓల్టుల పైన నిలిచి ఉంటుంది.