సునామీ హెచ్చరిక: వెంటనే చెప్పడం మేలా, ఖాయం చేసుకుని చెప్పడం మేలా?

2025 జూలై 30న రష్యాలోని కమ్చట్కా తీరానికి చేరువలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, జపాన్‌లో దాదాపు 20 లక్షల మందికి ఇళ్ళు వదిలి ఎత్తైన చోట్లకు వెళ్ళమని సూచనలు అందాయి. కొన్ని తీరాలకు 3 మీటర్ల అల రావచ్చని చెప్పారు. తీరా చూస్తే, ఆ దేశంలో నమోదైన అన్నిటికన్నా పెద్ద అల ఇవాతే ప్రాంతంలోని కుజి రేవులో 1.3 మీటర్లు మాత్రమే. ఇలాంటి రోజు గడిచిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే: మాటిమాటికీ ఇలా హెచ్చరిస్తూ పోతే జనం నాన్నా పులి కథలోలాగా పెడచెవిన పెట్టడం మొదలుపెట్టరా, అల నిజంగా పుట్టిందని తేల్చుకున్నాకే చెబితే సరిపోదా? కొన్నేళ్ళ క్రితం వరకు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం ఎందుకు మార్చుకున్నానో ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

మొదటి పద్ధతిలో భూకంపం ఎక్కడ వచ్చింది, ఎంత లోతున వచ్చింది, తీవ్రత ఎంత అన్న మూడు సంగతులు తెలియగానే, అల సంగతి ఇంకా తేలకముందే హెచ్చరిక వెలువడుతుంది. జపాన్ వాతావరణ సంస్థ దీనికి పెట్టుకున్న గడువు సుమారు 3 నిమిషాలు. రెండో పద్ధతిలో సముద్రంలోని పరికరాలు అలను కొలిచేదాకా ఆగి, ఆ కొలతను బట్టి తీరం ఖాళీ చేయించాలా వద్దా అన్నది నిర్ణయిస్తారు.

ఆగి చెప్పడం మేలనే వాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం 1949లో హవాయిలో మొదలైంది. ఆ మహాసముద్రంలో 1940ల చివరి నుంచి 20వ శతాబ్దం చివరిదాకా వెలువడిన హెచ్చరికల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఏ నష్టమూ లేకుండానే ముగిశాయి. 1986 మే 7న అలాస్కాకు చెందిన అల్యూషియన్ దీవుల దగ్గర వచ్చిన భూకంపం తర్వాత హవాయి తీరాన్ని ఖాళీ చేయించగా చిన్న అలలే వచ్చాయి. ఆ ఒక్కరోజు పనులు ఆగిపోయినందుకు అయిన నష్టాన్ని 3 కోట్ల డాలర్లకు పైగా లెక్కగట్టారు. ఆ తర్వాత అమెరికా సముద్రగర్భంలో పీడనాన్ని కొలిచే పరికరాలను దించింది. నడిసముద్రంలో సునామీ గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతున్నా, దాని ఎత్తు చాలాసార్లు అర మీటరైనా ఉండదు, పైన ఉన్న ఓడలో వాళ్ళకు అది దాటిపోయిన సంగతే తెలియదు. అయితే 6 కిలోమీటర్ల లోతున అడుగున కూర్చున్న పరికరం నీటిమట్టంలో ఒక సెంటీమీటరు తేడాను కూడా పసిగట్టి, ఆ కబురును శబ్దం ద్వారా పైన తేలే బోయాకు, బోయా నుంచి ఉపగ్రహానికి చేరవేస్తుంది. 2003 నవంబర్ 17న అల్యూషియన్లలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ కొలతలు చూసి, హవాయిని ఖాళీ చేయించకుండానే హెచ్చరికను ఎత్తేయగలిగారు. అలా తప్పిన ఖర్చు 6.8 కోట్ల డాలర్లని అంచనా వేశారు.

ఇక అసలు ప్రశ్న. జనం నిజంగానే పెడచెవిన పెడతారా? దీనికి అందరూ చూపించే ఉదాహరణ హవాయిలోని హీలో పట్టణం. 1960 మే 22న చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. అల హీలో చేరడానికి సుమారు 15 గంటలు పట్టింది, అంటే కావలసినంత వ్యవధి ఉంది. రాత్రి 8:30కి సైరన్లు మోగాయి, తర్వాత జరిపిన సర్వేలో దాదాపు అందరూ విన్నామనే చెప్పారు, కానీ ఇల్లు వదిలి వెళ్ళిన వాళ్ళు సగం మంది కూడా లేరు. అర్ధరాత్రి దాటాక వచ్చిన మొదటి అల చిన్నది. దాన్ని చూసి ఇంతేనా అనుకున్న వాళ్ళున్నారు. ఒంటిగంట దాటి 4 నిమిషాలకు వచ్చిన మూడో అల ఊరి దిగువ భాగాన్ని ఊడ్చేసింది, 61 మంది చనిపోయారు. దీనికి పాత హెచ్చరికల మీద పుట్టిన విసుగే కారణమని చాలామంది రాస్తారు. ఆ సర్వే చెప్పిన సంగతి మాత్రం వేరు. అంతకు కొద్దికాలం ముందే సైరన్లు మోగించే పద్ధతి మారింది. ఒక్క సైరన్ మోగితే సిద్ధంగా ఉండమనా, వెంటనే వెళ్ళిపొమ్మనా, మరో సైరన్ వస్తుందనా అన్నది వాళ్ళకు తెలియలేదు. చాలామంది తర్వాతి సైరన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. దీన్ని విసుగు అనడం చనిపోయిన వాళ్ళకు అన్యాయం చేయడమే అవుతుంది. వాళ్ళు విన్నారు, కానీ విన్నదానికి అర్థమేమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పవు. అమెరికాలో టోర్నడోల మీద సిమన్స్, సట్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, వృథా హెచ్చరికలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మరణాలూ గాయాలూ ఎక్కువని తేలింది. కాబట్టి పాఠకుల భయాన్ని కొట్టిపారేయలేను. మరోవైపు 1996లో కరోలినా తీరానికి కొద్ది వారాల తేడాతో బెర్తా, ఫ్రాన్ తుఫానులు వచ్చినప్పటి ప్రవర్తనను పరిశీలించిన డౌ, కట్టర్ల అధ్యయనంలో, మొదటిసారి వెళ్ళింది అనవసరమైందన్న భావన రెండోసారి వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయాన్ని పెద్దగా మార్చలేదని తేలింది. నా దృష్టిలో నాన్నా పులి కథ ఇక్కడ సగమే వర్తిస్తుంది. ఆ కథలో పిల్లవాడు లేని పులిని ఉందన్నాడు. సునామీ హెచ్చరిక వెనుక భూకంపం నిజం, సముద్రం కదలడం కూడా చాలాసార్లు నిజం. పులి పొలిమేరదాకా వచ్చి వెనుదిరిగిందన్న మాట. ఈ తేడా జనానికి తెలిస్తే నమ్మకం అంత తేలిగ్గా పోదు, తెలియకపోతే అబద్ధమాడిన పిల్లవాడికీ హెచ్చరిక కేంద్రానికీ తేడా కనిపించదు.

రెండు పద్ధతుల్లో ఏది మేలన్నదాన్ని నా లెక్కలో తేల్చేది విసుగు కాదు, నిమిషాలు. 1983 మే 26న జపాన్ పశ్చిమ తీరంలో వచ్చిన భూకంపానికి హెచ్చరిక వెలువడడానికి 14 నిమిషాలు పట్టింది. తొలి అల 7, 8 నిమిషాల్లోనే తీరం తాకింది, సునామీలో సుమారు 100 మంది పోయారు. ఆ అనుభవంతో వేగం పెంచి, 1993 జూలై 12న ఒకుషిరి దీవి దగ్గర భూకంపం వచ్చినప్పుడు 5 నిమిషాల్లో హెచ్చరించారు. అప్పటికే దీవిలో కొన్ని చోట్ల అల ఇళ్ళలోకి వచ్చేసింది. ఇండోనేషియాలోని పాలూలో 2018 సెప్టెంబర్ 28న కూడా భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే అల ఊరి మీద పడింది. ఇలాంటి తీరాల దగ్గర బోయా కొలత కోసం ఆగడమంటే మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చోవడమే. నిర్ధారణ అయ్యేసరికి హెచ్చరించవలసిన మనిషి నీళ్ళలో ఉంటాడు. ఒకరోజు పని పోతే మరో రోజు చేసుకోవచ్చు, ఆ 5 నిమిషాలు పోతే ఎవరూ తెచ్చివ్వలేరు.

మరి వెంటనే చెప్పే పద్ధతిలో లోపం లేదా అంటే ఉంది, అది 2011 మార్చి 11న జపాన్‌లో బయటపడింది. మధ్యాహ్నం 2:46కి భూకంపం, 2:49కి హెచ్చరిక. వేగంలో వంక పెట్టడానికి లేదు. కానీ తొలి లెక్కలో తీవ్రత 7.9 అని వచ్చింది. తర్వాత తేలింది 9.0, విడుదలైన శక్తిలో 40 రెట్లకు పైగా తేడా. ఆ తక్కువ లెక్క ప్రకారమే మియాగికి 6 మీటర్లు, ఇవాతే, ఫుకుషిమాలకు 3 మీటర్లు అని ప్రకటించారు. తీరంలో కట్టిన 10 మీటర్ల రక్షణ గోడ వెనుక ఉన్న మనిషికి 3 మీటర్లు అన్న మాట ధైర్యాన్నే ఇస్తుంది. 3:14కి ఆ అంకెలను పెంచారు గానీ, కరెంటు పోయిన ఇళ్ళలో ఆ సవరణ చాలామందికి చేరలేదు. దీనికి ముందటి సంగతులు కూడా కలపాలి: 2010 ఫిబ్రవరిలో చిలీ భూకంపం తర్వాత ఇదే తీరానికి 3 మీటర్ల హెచ్చరిక ఇస్తే 1.2 మీటర్లకు మించి రాలేదు, 2011 మార్చి 9న, అంటే సరిగ్గా రెండు రోజుల ముందు, 7.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి అర మీటరు అల వచ్చి పోయింది. 3 మీటర్లన్నప్పుడు అందులో సగం కూడా రాని నీళ్ళు చూసిన మనిషి, మళ్ళీ 3 మీటర్లని వింటే ఏమనుకుంటాడు? ఇక్కడ నమ్మకాన్ని తినేసింది హెచ్చరికల సంఖ్య కన్నా ఎక్కువగా వాటిలోని అంకె అని నేననుకుంటాను. లెక్క ఇంకా తేలని మూడో నిమిషంలోనే మీటర్లలో కచ్చితంగా చెప్పబోవడమే పొరపాటు.

జపాన్ ఆ పొరపాటును గుర్తించింది. 2013 మార్చి నుంచి, తీవ్రత 8 దాటిందనిపించి లెక్క ఇంకా తేలనప్పుడు తొలి హెచ్చరికలో అంకెలు ఇవ్వడం మానేసి, అల భారీగా ఉంటుందని మాత్రమే చెబుతోంది. కొలతలు అందాకే మీటర్లు వస్తాయి. వెంటనే చెప్పడంలోని వేగం, ఆగి చెప్పడంలోని జాగ్రత్త రెండూ ఇందులో ఉన్నాయి కాబట్టి నా మొగ్గు దీనివైపే.

దీనికి ఇంకొకటి తోడు కావాలి. దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు గనుక కాస్త గట్టిగానే చెబుతాను: హెచ్చరికను ఉపసంహరించే సందేశం. 2010లో వచ్చిన అల కన్నా అంచనా చాలా ఎక్కువైనందుకు జపాన్ అధికారులు క్షమాపణ చెప్పారు. వినయం మంచిదే గానీ, క్షమాపణ వింటే జరిగింది తప్పన్న అభిప్రాయమే మిగులుతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హిందూ మహాసముద్రం చుట్టూ హెచ్చరికలు వెళ్ళాయి, అల మీటరు దగ్గర ఆగిపోయింది. కారణం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు: 2004లో సముద్రగర్భం పైకి లేచి నీటిని ఎత్తింది, ఈసారి భూమి పైపొరలోని ఒకే పలకలో రెండు భాగాలు ఒకదాని పక్కగా ఒకటి అడ్డంగా జరిగాయి కాబట్టి నీరు పెద్దగా లేవలేదు. "ప్రమాదం తప్పింది" అని ఊరుకోకుండా ఎందుకు తప్పిందో కూడా చెబితే, వచ్చేసారి ఎందుకు తప్పకపోవచ్చో విన్నవాడికే అర్థమవుతుంది.

మిగతా మార్గాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గోడలు కట్టడం ఖరీదైన పని, అవి హెచ్చరికకు బదులు కావు. నేల కంపించగానే ఎవరూ చెప్పకుండానే ఎత్తుకు పరుగెత్తడం నేర్పించడం మంచిదే. 1907 నాటి సునామీ అనుభవాన్ని 'స్మోంగ్' అన్న పేరుతో తరతరాలుగా చెప్పుకున్న ఇండోనేషియాలోని సిమెలూ దీవిలో సుమారు 78,000 మందిలో 2004లో చనిపోయింది ఏడుగురే. అయితే 2018 డిసెంబర్ 22న ఆ దేశంలోనే అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి, భూకంపం లేకుండానే అల వచ్చినప్పుడు ఈ గుర్తు కూడా పనికిరాలేదు.

కాబట్టి భూకంపం పుట్టే చోటికి దగ్గరగా ఉన్న తీరాలకు వెంటనే, అంకెలు లేకుండా, ఏం చెయ్యాలో చెప్పే హెచ్చరికే మేలు. అల చేరడానికి గంటలు పట్టే తీరాలకు ఆగడం తప్పు కాదు, ఆ గంటల్లో మౌనంగా ఉండడం తప్పు. 2004 డిసెంబర్ 26న అల శ్రీలంకనూ భారత తూర్పు తీరాన్నీ చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది, కబురు చెప్పే ఏర్పాటే లేక ఆ వ్యవధి వృథా అయింది. 2007 అక్టోబర్ నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఆ లోటు తీరుస్తోంది. ముందు అప్రమత్తం చేసి, కొలతలు చూసి, తీరం ఖాళీ చేయించాలా లేదా అన్నది ఆ తర్వాత తేల్చడానికి అక్కడ వీలుంది.

వృథాగా పోయిన హెచ్చరిక నేర్పేది కూడా ఉంటుంది. 2012 నాటి ఆ హెచ్చరికప్పుడు సుమత్రాలోని బందా ఆచే నగరంలో జనం వాహనాలెక్కి ఒక్కసారిగా బయలుదేరడంతో దారులు కిక్కిరిసి కదలకుండా ఆగిపోయాయి. నిజంగా పెద్ద అల వచ్చి ఉంటే ఆ వాహనాల్లోనే చాలామంది మిగిలిపోయేవారు. ఏ దారి ఎక్కడ మూసుకుపోయిందో, నడిచి చేరగల ఎత్తైన భవనాలు ఎక్కడ తక్కువయ్యాయో ఆ మధ్యాహ్నమే కళ్ళకు కట్టినట్టు కనిపించింది.