జాగ్రత్త: సింగిల్ మాల్ట్ టేస్టింగ్‌లో ముందే పోసి ఉంచిన గ్లాసులు

హైదరాబాద్ పశ్చిమ శివార్లలో వారాంతాల్లో భారతీయ సింగిల్ మాల్ట్ విస్కీలను (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే చేసేవాటిని) పరిచయం చేస్తామంటూ మనిషికి నాలుగున్నర వేల రూపాయలు వసూలు చేస్తున్న టేస్టింగ్ కార్యక్రమాలకు వెళ్లదలచినవారు డబ్బు కట్టకముందే ఇది చదవాలని కోరుతున్నాను. ఒక ఫామ్‌హౌస్‌లో నేను హాజరైన కార్యక్రమంలో మా గ్లాసుల్లో పోసింది బల్ల మీద ప్రదర్శనకు పెట్టిన సీసాల్లోని మాల్ట్ కాదని అనుకోవడానికి బలమైన కారణాలున్నాయి. ఫిర్యాదు ఇంకా తేలలేదు కనుక నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఆ సీసాల మీద ఎవరి లేబుళ్లున్నాయో ఆ కంపెనీలకు ఇందులో పాత్ర ఉందని నేను అనుకోవడం లేదు. వాటి పేరును వాడుకున్నారంతే.

మేము లోపలికి వెళ్లేసరికే ప్రతి కుర్చీ ముందు మూడేసి గ్లాసుల్లో విస్కీ పోసి, పైన కాగితపు మూతలు పెట్టి ఉంచారు. వాసన పోకుండా అలా మూయడం టేస్టింగుల్లో మామూలే కాబట్టి దాన్ని తప్పుపట్టలేము. అయితే వేదిక మీద ఒక్కో రకానికి ఒక్కో సీసా మాత్రమే ఉంది. గదిలో దాదాపు 40 మంది ఉన్నారు, గ్లాసుల్లో చూస్తే ముప్పై మిల్లీలీటర్ల పెగ్గుకు తక్కువ లేదు. 750 మిల్లీలీటర్ల సీసాలో అలాంటి పెగ్గులు 25 మాత్రమే వస్తాయి. పైగా వేదిక మీది సీసాల్లో సగానికి పైగా సరుకు అలాగే ఉంది. మిగతా సీసాలు లోపల ఉన్నాయని చెప్పారు కానీ, ఖాళీవైనా సరే ఒక్కసారి చూపించమంటే ఎవరూ కదలలేదు.

ఇక రుచి సంగతి. పరిచయం చేసినాయన చెప్పిన ప్రకారం మొదటిది బోర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉంచిన పీపాల్లో, రెండోది షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాల్లో పరిపక్వమైనవి, మూడోది పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసి ఇంధనంగా మండించే మట్టి) పొగతో ఆరబెట్టిన బార్లీతో చేసినది. ఈ మూడింటినీ వేరు చేయడానికి గొప్ప అనుభవం అక్కరలేదు. బోర్బన్ పీపాలోంచి వచ్చే మాల్ట్‌లో వనిల్లా, తేనె, కొబ్బరి వాసనలు ముందుకొస్తాయి. షెర్రీ పీపాలోనిది ఎండుద్రాక్ష, ఖర్జూరం వైపు వెళుతుంది. పీట్ మాల్ట్ అయితే గ్లాసు ఇంకా ముక్కు దగ్గరికి రాకముందే పొగ తెలుస్తుంది. భారతీయ బార్లీతో పాటు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పీట్ బార్లీని కూడా వాడి, 50 శాతం ఆల్కహాల్‌తో సీసాకెక్కించే అమృత్ ఫ్యూజన్‌ను గానీ, గోవాలో తయారయ్యే పాల్ జాన్ బోల్డ్‌ను గానీ ఒక్కసారి వాసన చూసినవారు ఆ పొగను మరిచిపోరు. మా మూడో గ్లాసులో పొగ జాడే లేదు. మొదటి రెండు గ్లాసులను కళ్లు మూసుకుని అటూ ఇటూ మార్చి వాసన చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయాను, నా పక్కనున్న ఇద్దరూ చెప్పలేకపోయారు. మూడింటిలోనూ ముక్కును పొడిచే స్పిరిట్ ఘాటు, దాని మీద వనిల్లా ఎసెన్స్ తీపి వాసన తప్ప వేరేది లేదు. రంగు మాత్రం మూడింటికీ చక్కగా వేరువేరుగా ఉంది. క్యారమెల్ రంగుతో ఆ పని సులువుగా అవుతుంది కాబట్టి రంగును చూసి పీపాను ఊహించకూడదు.

నాకు అనుమానం బలపడింది నీళ్ల దగ్గర. మాల్ట్‌లో నాలుగు చుక్కలు మామూలు నీళ్లు వేసి రెండు నిమిషాలు ఆగితే ఆల్కహాల్ ఘాటు తగ్గి, అణిగి ఉన్న వాసనలు ఒక్కొక్కటిగా తేలతాయి. 46, 50 శాతం బలం ఉన్న విస్కీలకు ఇది మరీ అవసరం, అందుకే ఏ టేస్టింగ్‌లోనైనా నీళ్ల జగ్గు బల్ల మీద ఉంటుంది. ఇక్కడ నీళ్లడిగితే సింగిల్ మాల్ట్‌లో నీళ్లు పోయడం దాన్ని అవమానించడమేనని ఉపన్యాసం చెప్పారు. తాగడానికని తెప్పించుకున్న నీళ్లు కొంచెం గ్లాసులో కలిపి చూస్తే వాసన విచ్చుకోవడానికి బదులు పూర్తిగా పోయి, పలచటి తీపి మాత్రం మిగిలింది. దీనికి తోడు మొదటి గ్లాసుకు ముందే వేడి వేడి అపోలో ఫిష్, పచ్చిమిర్చి వేసి వేయించిన పల్లీలు వడ్డించారు. అవి తిన్న నాలుకకు ఏ విస్కీ అయినా ఒకటే! అది అజాగ్రత్తో, ఉద్దేశపూర్వకమో నేను చెప్పలేను.

చివర్లో "ఇరవై ఒక్క ఏళ్ల భారతీయ మాల్ట్" అంటూ ఒక సీసాను ప్రత్యేక ధరకు అమ్మకానికి పెట్టారు. ఇలాంటి మాట వినగానే ఎవరైనా లెక్క వేసుకోవాలి. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరు వాతావరణంలో అది 10 శాతం దాటుతుంది. ఏటా 10 శాతమే పోతుందనుకున్నా ఇరవై ఒక్క ఏళ్లకు పీపాలో మిగిలేది మొదట పోసినదానిలో తొమ్మిదో వంతు. స్కాట్లాండ్‌లో అదే కాలానికి మూడింట రెండు వంతులు మిగులుతుంది. మన మాల్టుల్లో ఎక్కువవాటి మీద వయసు రాయకపోవడానికి ఇదే ముఖ్య కారణం, అది లోపమూ కాదు. ఎండ వేడికి ఇక్కడి పీపాలు తక్కువ ఏళ్లలోనే ఎక్కువ రుచిని ఇస్తాయి. అంత పాత భారతీయ మాల్ట్ నిజంగా ఉంటే దాన్ని ఫామ్‌హౌస్‌లో తగ్గింపు ధరకు అమ్మవలసిన అవసరం ఎవరికీ రాదు.

అమ్మకానికి పెట్టిన మిగతా సీసాలను తిప్పి చూస్తే వెనక లేబుల్ మీద హర్యానాలో విక్రయానికి మాత్రమే అని ఉంది. తెలంగాణలో చట్టబద్ధంగా అమ్మే సీసాకు మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉంటుంది, వీటికి లేదు. సుంకం చెల్లించని అలాంటి మద్యం దగ్గర ఉంచుకున్నా కేసవుతుంది, అంటే చౌకగా దొరికిందని ఇంటికి తీసుకెళ్లినవారూ చిక్కుకుంటారు. లోపలి సరుకు అసలుదేనన్న హామీ కూడా లేదు. 2004లో అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను ముందుగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విడుదల చేయవలసి వచ్చిన రోజులు పోయి, ఇప్పుడు పాల్ జాన్, రాంపూర్, ఇంద్రి వంటి పేర్లకు ఇక్కడే గిరాకీ పెరగడంతో వాటి ఖాళీ సీసాలకూ ధర పలుకుతోంది. కార్క్ బిరడా ఉన్న సీసాను మళ్లీ నింపి పైన ప్లాస్టిక్ తొడుగు వేయడం కష్టమేమీ కాదు. మీ ఇంట్లో ఖాళీ అయిన సీసాలను పాత సామాన్లవాళ్లకు వేసేముందు లేబుల్ చింపి, బిరడా విడిగా పారేయడం మంచిది.

చౌక విస్కీ పోసి మోసం చేశారంటే పోయేది డబ్బే. కానీ ఎక్కడిదో తెలియని స్పిరిట్‌లో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ ఉంటే దాన్ని ముక్కుతోగానీ నాలుకతోగానీ పట్టుకోలేము, ఎంత అనుభవం ఉన్నా సరే. దాని లక్షణాలు చాలాసార్లు గంటలు గడిచాక గానీ బయటపడవు. తాగిన మర్నాడు చూపు మసకబారినా, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చినా హ్యాంగోవర్ అని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో దాచకుండా చెప్పాలి.

ఇలాంటి కార్యక్రమానికి పిలుపు వస్తే ముందుగా ఎక్సైజ్ శాఖ ఇచ్చిన ఈవెంట్ పర్మిట్ చూపించమని అడగండి. సీలున్న సీసాలను మీ ఎదుటే తెరవాలని, మూత మీది హోలోగ్రామ్‌ను చూడనివ్వాలని ముందే చెప్పండి; నిజాయితీగా నడిపేవాళ్లకు ఈ కోరిక కష్టమనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు, ములకలచెరువు నకిలీ మద్యం కేసు తర్వాత 2025 అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన ఎక్సైజ్ సురక్ష యాప్‌తో సీసా మీది కోడ్‌ను స్కాన్ చేసి చూసుకోవచ్చు. డబ్బును వ్యక్తుల యూపీఐ ఖాతాకు పంపమంటే ఆగి, సంస్థ పేరుతో రసీదు అడగండి. మాకు రసీదు ఇవ్వకపోవడం వల్లనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినప్పుడు చెల్లింపు ఎవరికి చేరిందో చూపడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ మీదే ఆధారపడవలసి వచ్చింది.

నిర్వాహకులు ఇప్పటివరకు సగం డబ్బు తిరిగి ఇస్తామన్నారు, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలన్న షరతుతో. నేను ఒప్పుకోలేదు. ఈలోగా అదే ఫోటోలతో, అదే ఫామ్‌హౌస్‌లో, వేరే పేరు పెట్టి వచ్చే నెల కార్యక్రమానికి వాట్సాప్‌లో పిలుపులు తిరుగుతున్నాయి.